షడ్జమం ఏ రంగు?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక వీడియో తిరిగింది. నల్లటి తెర మీద ఏడు దీపాలు. ‘స’ అనగానే ఎర్రదీపం వెలుగుతుంది, ‘రి’ అనగానే నారింజ, ‘గ’కి పసుపు, అలా ‘ని’ దగ్గరికి వచ్చేసరికి ఊదా. వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు: ఏడు స్వరాలు, ఇంద్రధనుస్సులో ఏడు రంగులు, ఈ రహస్యం మన పూర్వీకులకు ఎప్పుడో తెలుసు, ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుంది. నలభై ఏళ్ళుగా పిల్లలకు సంగీతం చెబుతున్న మా అత్తయ్య దాని కింద ఒక్క ముక్క రాసింది. “ఇది నిజమేనారా?”

ఫోన్లో టైప్ చేసి పంపడానికి అవునూ కాదూ రెండూ కుదరలేదు. రంగుకూ రాగానికీ సంబంధం ఉందనేవాళ్ళు నిజానికి నాలుగు వేర్వేరు మాటలు చెబుతుంటారు. శబ్దమూ కాంతీ రెండూ తరంగాలే కాబట్టి వాటి మధ్య భౌతికశాస్త్రపు లెక్క ఉందన్నది ఒకటి. పాట వింటే నిజంగానే రంగులు కనిపించే మనుషులు కొందరున్నారన్నది రెండోది. అలా కనిపించకపోయినా ఈ పాట ‘చీకటిగా’ ఉంది, ఆ పాట ‘వెలుగుగా’ ఉంది అని మామూలు వాళ్ళకూ అనిపిస్తుందన్నది మూడోది. ఒక శాస్త్రకారుడో స్వరకర్తో కూర్చుని, ఈ స్వరానికి ఈ రంగు అని నియమం పెట్టుకోవడం నాలుగోది. వీడియోలు ఈ నాలుగింటినీ ఒకే గిన్నెలో పోసి కలిపేస్తాయి.

ఎనిమిదో పలక

మా మేనకోడలి దగ్గర ఒక బొమ్మ జైలోఫోన్ ఉంది. ఎనిమిది రేకు పలకలు, చిన్న చెక్క సుత్తి. మొదటి పలక ఎరుపు, తర్వాత నారింజ, పసుపు, ఆకుపచ్చ, ఇలా వెళ్ళి ఏడోది ఊదా. ఎనిమిదోది మళ్ళీ ఎరుపు. ఒకరోజు అది మొదటి పలకనూ చివరి పలకనూ మార్చి మార్చి కొట్టి, “రెండూ ఒకటే కదా మావయ్యా, ఇది చిన్నపిల్ల, అది పెద్దామె” అంది.

స్థాయి అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పడం కష్టం. మధ్యస్థాయి షడ్జమం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో, తారస్థాయి షడ్జమం సరిగ్గా దానికి రెట్టింపు సార్లు కంపిస్తుంది. చెవి ఆ రెండింటినీ ఒకే స్వరంగా గుర్తుపడుతుంది. బొమ్మ చేసినవాళ్ళకు ఇది తెలుసు కాబట్టే ఎనిమిదో పలకకు మళ్ళీ ఎరుపు వేశారు. ఇంద్రధనుస్సు మాత్రం అలా చుట్టు తిరిగి రాదు. ఊదా దాటితే కన్ను చూడలేని అతినీలలోహిత కాంతి వస్తుంది గానీ మళ్ళీ ఎరుపు రాదు. సంగీతపు మెట్లు ఎక్కుతూ పోతే అదే గది ఒక అంతస్తు పైన మళ్ళీ ఎదురవుతుంది. కాంతి మెట్లకు రెండో అంతస్తే లేదు.

అయినా ఎరుపు నుంచి ఊదా దాకా ఉన్న పట్టీని వంచి, రెండు కొసలూ కలిపి చక్రం చేసినవాడు ఒకడున్నాడు. చిన్నవాడేం కాదు.

న్యూటన్‌కు ఏడు ఎందుకు కావలసివచ్చింది

ఐజక్ న్యూటన్ పట్టకంతో తెల్లటి వెలుతురును విడగొట్టినప్పుడు గోడ మీద పడిన పట్టీలో గీతలు లేవు. ఒక రంగు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తేల్చడం చూసేవాడి ఇష్టం. మొదట్లో ఆయన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా అని ఐదు ముఖ్యమైన రంగులే చెప్పాడు. నారింజ, ఇండిగో తర్వాత చేరాయి. 1704లో అచ్చయిన ‘ఆప్టిక్స్’ పుస్తకం నాటికి లెక్క ఏడుకు చేరింది. తనకంటే రంగులు బాగా పోల్చుకోగల కళ్ళున్న సహాయకుడి చేత హద్దులు గీయించానని ఆయనే రాసుకున్నాడు. ఆ హద్దుల మధ్య దూరాలను పాశ్చాత్య స్వరశ్రేణిలోని అంతరాలతో సరిపెట్టాడు. ఆ శ్రేణిలో రెండు చోట్ల సగం మెట్టు వస్తుంది. నారింజకూ ఇండిగోకూ ఇరుకు గదులు దక్కింది అందుకే.

అంటే ఇంద్రధనుస్సులో ఏడు రంగులుండటం వల్ల స్వరాలతో పోలిక కుదరలేదు. స్వరాలు ఏడు కాబట్టి రంగులు ఏడయ్యాయి. బడిలో ‘విబ్‌గ్యార్’ అని బట్టీ పట్టిన మనందరం, తెలియకుండానే, ఒక సంగీత సిద్ధాంతాన్ని కూడా బట్టీ పట్టాం. వీడియోలోని గంభీరమైన గొంతు ఆశ్చర్యపోయిన ఆ పోలిక మూడు వందల ఏళ్ళ క్రితం ఒక మనిషి చేత్తో పెట్టినది.

న్యూటన్ పుస్తకం వచ్చిన ఇరవై ఏళ్ళకు, 1725లో, ఫ్రాన్స్‌లో లూయీ బెర్ట్రాన్ కాస్తెల్ అనే జెసూట్ పాదిరి కళ్ళకు వాయించే కీబోర్డు ఒకటి చేయవచ్చని ప్రకటించాడు. మెట్టు నొక్కితే శబ్దంతో పాటు రంగు కనబడాలి. న్యూటన్ వరస ఆయనకు నచ్చలేదు. అద్దకం పనివాళ్ళ లెక్క పట్టుకున్నాడు: నలుపుకు దగ్గరగా ఉండే నీలమే అన్నిటికీ ఆధారం కాబట్టి ‘దో’ నీలం, ‘మి’ పసుపు, ‘సోల్’ ఎరుపు. మన భాషలో స, గ, ప. మూడు మూలరంగులూ కలిసి ఒక కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) అయ్యాయన్నమాట. జర్మన్ స్వరకర్త టెలిమన్ ఈ యంత్రం గురించి 1739లో ఒక వ్యాసమే రాశాడు. తత్వవేత్త రూసో మాత్రం ఒప్పుకోలేదు. రంగులు చోటులో నిలబడతాయి, శబ్దాలు కాలంలో నడుస్తాయి, ఒకదాన్ని ఇంకోదానిలా ఆడించడం రెండింటినీ పాడుచేయడమే అన్నది ఆయన వాదన. ఈ అభ్యంతరానికి ఇప్పటికీ పదును తగ్గలేదు.

నలభై సార్లు రెట్టింపు చేస్తే

భౌతికశాస్త్రపు వాదనను కాగితం మీదే పరీక్షించవచ్చు. పాశ్చాత్యులు స్వరాలను ఏ, బి, సి అని అక్షరాలతో పిలుస్తారు. శ్రుతులు సరిచేయడానికి ప్రపంచమంతా వాడే ‘ఏ’ స్వరం సెకనుకు 440 కంపనాలు, అంటే 440 హెర్ట్జ్. దాన్ని రెట్టింపు చేస్తే 880, మళ్ళీ చేస్తే 1760. అన్నీ ‘ఏ’లే, ఒకదాని పై స్థాయిలో ఒకటి. ఇలా 40 సార్లు రెట్టింపు చేస్తే దాదాపు 484 లక్షల కోట్ల హెర్ట్జ్ వస్తుంది. అది కాంతి ఉండే ప్రాంతం. తరంగదైర్ఘ్యం 620 నానోమీటర్లు, ఎరుపు కలిసిన నారింజ. ‘సి’ స్వరానికి 41 సార్లు కావాలి, వచ్చేది 521 నానోమీటర్లు, ఆకుపచ్చ. ‘డి’కి 464, నీలం. ‘జి’కి 696, ముదురు ఎరుపు.

మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమన్న మాట నిజం. కాసేపటికి చిక్కులు కనబడ్డాయి.

కన్ను చూసే కాంతి సుమారు 400 నుంచి 750 లక్షల కోట్ల హెర్ట్జ్ వరకు. అంటే పూర్తిగా ఒక రెట్టింపు కూడా కాదు. చెవి వినే మేర దాదాపు పది స్థాయిలు. పది అంతస్తుల మేడను ఒక అటక మీద సర్దాలంటే ఎలా? పైగా 440 హెర్ట్జ్ శబ్దాన్ని ఎన్నిసార్లు రెట్టింపు చేసినా అది శబ్దమే అవుతుంది, కాంతి కాదు. ఒకటి గాలి లాంటి పదార్థం ఒత్తిడిలో వచ్చే కదలిక, ఆ పదార్థం లేకపోతే లేదు. రెండోది విద్యుదయస్కాంత తరంగం, శూన్యంలోనూ పోతుంది. వాటికి ఉమ్మడిగా ఉన్నది హెర్ట్జ్ అనే కొలత మాత్రమే. బియ్యాన్నీ బంగారాన్నీ ఒకే తక్కెడలో తూచగలిగినంత మాత్రాన రెండూ చుట్టాలైపోవు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చెవికీ కంటికీ పని తీరులో ఉన్న తేడా. హార్మోనియం మీద స, ప కలిపి నొక్కండి. రెండు స్వరాలూ విడివిడిగా వినిపిస్తూనే ఉంటాయి, కాస్త సాధన ఉన్నవాళ్ళు పేర్లు కూడా చెబుతారు. ఇప్పుడు తెల్లటి గుడ్డ మీద ఎర్ర లైటూ పచ్చ లైటూ కలిపి వేయండి. కనబడేది పసుపు. అందులో ఎరుపేదీ, పచ్చేదీ అని ఎంత తేరిపార చూసినా దొరకవు. చెవి విడదీస్తుంది, కన్ను కలిపేస్తుంది. సంగీతంలో కార్డ్ అనేదానికి రంగుల్లో సమానమైనది అందుకే లేదు.

అత్తయ్య ‘స’, శిష్యుడి ‘స’

పై లెక్కను మన సంగీతానికి తెస్తే ఇంకో తమాషా. మా అత్తయ్యది ఐదు శ్రుతి, అంటే ఆమె షడ్జమం ‘జి’. ఆమె దగ్గర నేర్చుకునే కుర్రాడిది ఒకటి శ్రుతి, అతని షడ్జమం ‘సి’. ఇద్దరూ అదే మోహనం పాడతారు. లెక్క ప్రకారం ఆమె ‘స’ ముదురు ఎరుపు, అతని ‘స’ ఆకుపచ్చ. నాలుగు శ్రుతిలో పాడేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. వాళ్ళ ‘స’ అయిన ‘ఎఫ్’ సుమారు 780 నానోమీటర్ల దగ్గర, కంటికి ఆనీ ఆనని అంచున పడుతుంది. మన స్వరం ఒక నిలకడైన కంపనం కాదు, షడ్జమంతో దానికున్న దూరం. ఇంటి నంబరు వేరు, వరసలో ఎన్నో ఇల్లన్నది వేరు.

అలాంటప్పుడు పూర్వీకులు రంగులు చెప్పలేదా? చెప్పారు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడి ‘సంగీత రత్నాకరం’లో పట్టిక స్పష్టంగా ఉంది: షడ్జమం తామర రంగు, రిషభం ఎరుపూ పసుపూ కలిసిన పింజర వర్ణం, గాంధారం బంగారం, మధ్యమం మొల్లపువ్వు తెలుపు, పంచమం నలుపు, ధైవతం పసుపు, నిషాదం అన్ని రంగుల కలగలుపు. అంతకు ముందున్న ‘నారదీయ శిక్ష’లో కూడా దాదాపు ఇదే వరస.

చూస్తే తెలుస్తుంది, ఇది ఇంద్రధనుస్సు కాదు. తెలుపూ నలుపూ ఇంద్రధనుస్సులో ఉండవు, పసుపు ఛాయలు ఇక్కడ రెండుమూడు చోట్ల వస్తాయి. ఈ రంగులు వచ్చిన చోటే షడ్జమానికి నెమలి, పంచమానికి కోకిల, నిషాదానికి ఏనుగు అనే పోలికలూ, ఒక్కో స్వరానికి ఒక ఋషి, ఒక దేవత, ఒక ద్వీపం కూడా ఉంటాయి. విశ్వంలో ఉన్నవాటినన్నిటినీ ఒకదానికొకటి జత చేసి చూసే పద్ధతిలో ఇదొక గడి. భరతుడు శృంగారానికి శ్యామవర్ణం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు అని చెప్పినదీ ఇలాంటిదే. ఆ పట్టికకు దాని అందం దానికుంది. వీడియో చేసిందేమిటంటే, పూర్వీకుల పేరు వాడుకుని న్యూటన్ వరసను అతికించడం.

మాటల్లో మాత్రం చుట్టరికం గట్టిగానే ఉంది. ‘రాగం’ అన్న మాటే రంగు అద్దడమనే అర్థమున్న ‘రంజ్’ ధాతువు నుంచి వచ్చింది. కచేరీ మొదలుపెట్టేది ‘వర్ణం’తో. ఆలాపనలో పక్క రాగం తొంగిచూస్తే ‘ఛాయ పడింది’ అంటాం. ఇంగ్లీషువాళ్ళు సగం మెట్ల స్వరశ్రేణిని క్రొమాటిక్ అనేదీ గ్రీకులో రంగు అన్న మాట నుంచే.

కొందరికి కనిపిస్తుంది

సినెస్థీజియా అంటే ఒక ఇంద్రియానికి అందినది, కోరకుండానే, ఇంకో ఇంద్రియంలోనూ మెదలడం. కొందరికి అక్షరాలకు రంగులుంటాయి, కొందరికి వారాలకు, కొందరికి శబ్దాలకు. అన్ని రకాలూ కలిపితే నూటికి నలుగురు దాకా ఉంటారని 2006లో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశోధన చెప్పింది. శబ్దానికి రంగు కనబడేవాళ్ళు అందులో ఒక పాలు మాత్రమే. ఇది జబ్బు కాదు, కల్పనా కాదు.

కల్పన కాదని ఎలా తెలుస్తుంది? స్వరాలు వినిపించి, ఏ రంగో చెప్పమంటారు. కొన్ని నెలల తర్వాత, ముందుగా చెప్పకుండా, మళ్ళీ అదే పరీక్ష పెడతారు. మామూలు వాళ్ళ జవాబులు చెదిరిపోతాయి. వీళ్ళవి దాదాపు అవే ఛాయలతో సహా నిలుస్తాయి. అయితే ఒకరి రంగులు ఇంకొకరితో కలవవు. అమెరికన్ స్వరకర్త మైకేల్ టోర్కీకి డి మేజర్ కీ (‘డి’ని ఆధారస్వరంగా పెట్టుకున్న స్వరశ్రేణి) చిన్నప్పటినుంచీ నీలం. 1985లో ఆయన రాసిన ‘బ్రైట్ బ్లూ మ్యూజిక్’ ఆ కీలోనే ఉంది. రష్యాలో ఇద్దరు పెద్ద స్వరకర్తలకు అదే కీ బంగారు రంగు.

ఆ ఇద్దరి కథ ఇంకో రష్యన్ స్వరకర్త రఖ్‌మానినోవ్ జ్ఞాపకాల్లో ఉంది. పారిస్‌లో ఒక కాఫీ హోటల్లో రిమ్‌స్కీ కోర్సకోవ్, స్క్రియాబిన్, ఆయన కూర్చున్నారు. మొదటి ఇద్దరూ కీలకు రంగులున్నాయంటారు, రఖ్‌మానినోవ్ నమ్మడు. ఇ ఫ్లాట్ కీ దగ్గర వాళ్ళిద్దరికే పడలేదు: ఒకరికి నీలం, ఇంకొకరికి ఎరుపు కలిసిన వంగపండు రంగు. చూశారా మరి, అన్నాడు రఖ్‌మానినోవ్. డి మేజర్ దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటై ఆయన మీదికే తిరిగారు. నీ ఒపేరాలో పిసినారి ప్రభువు పెట్టెలు తెరిచి బంగారం చూసుకునే ఘట్టం ఏ కీలో రాశావు? డి మేజర్‌లోనే. పాపం, రఖ్‌మానినోవ్ దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పటిదాకా ‘సి’కి వచ్చిన రంగులు ఒకచోట పెట్టి చూడండి. కాస్తెల్‌కు నీలం, లెక్కకు ఆకుపచ్చ, రిమ్‌స్కీ కోర్సకోవ్‌కు సి మేజర్ తెలుపు, స్క్రియాబిన్‌కు ఎరుపు.

దీపాలకూ ఒక స్వరలిపి

అలెగ్జాండర్ స్క్రియాబిన్ 1910లో పూర్తిచేసిన ‘ప్రొమీథియస్’ ఈ చరిత్రలో అన్నిటికన్నా సాహసమైన ప్రయత్నం. ఇరవై నిమిషాల పైచిలుకు రచన. పెద్ద ఆర్కెస్ట్రా, పియానో, ఆర్గన్, గాయకబృందం. స్వరలిపి పేజీ తెరిస్తే అన్నిటికన్నా పై వరసలో ‘లూచే’ అని ఉంటుంది, ఇటాలియన్‌లో వెలుతురు. ఫ్లూటుకు స్వరాలు రాసినట్టే దీపాలకూ స్వరాలు రాశాడు. అక్కడ రంగుల పేర్లు లేవు, స్వరాలే ఉన్నాయి. ఏ స్వరానికి ఏ రంగో ఆయన చెప్పిన పట్టికను బట్టి తెలుసుకోవాలి.

ఆ వరసలో సాధారణంగా రెండు స్వరాలు కలిసి నడుస్తాయి. ఒకటి చురుకైనది: ఆర్కెస్ట్రా వాయించే కార్డ్ మారినప్పుడల్లా దాని మూలస్వరంతో పాటు మారుతుంది. రెండోది బహు నెమ్మది. ఎఫ్ షార్ప్ (ఎఫ్ కన్నా సగం మెట్టు పైది) దగ్గర మొదలై, ఒక్కో మెట్టు మీద చాలాసేపు ఆగి, రచన ముగిసేసరికి పై ఎఫ్ షార్ప్ చేరుతుంది. తంబురా శ్రుతి ఇరవై నిమిషాల్లో ఎవరికీ తెలియకుండా ఒక స్థాయి జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. గది మొత్తం నిదానంగా రంగు మారుతుంటే, దాని మీద చురుకైన రంగు మెరుపులు పడుతుంటాయి. చెవికి వినబడని ఒక నిర్మాణాన్ని కంటికి చూపించడం అన్నమాట. ఇక్కడ రంగు అలంకారం కాదు, ఇంకో వాయిద్యం.

ఆ సంగీతపు పట్టు ఏమిటో మన చెవులకు సులభంగా అందుతుంది. రచన మొత్తాన్ని మోసే కార్డ్‌లో ఆరు స్వరాలు. వాటిని వరసగా పేర్చి, మూలాన్ని ‘స’ అనుకుంటే స, చతుశ్రుతి రి, అంతర గ, ప్రతి మ, చతుశ్రుతి ద, కైశికి ని. వాచస్పతి రాగంలో నుంచి పంచమం తీసేస్తే మిగిలేది అదే. స్క్రియాబిన్‌కు మన రాగాలు తెలుసని దీని అర్థం కాదు. కానీ హిమాలయాల దిగువన రోజుల తరబడి జరిగే ఒక మహా ప్రదర్శన రాయాలని మాత్రం ఆయన కలగన్నాడు. శబ్దం, రంగు, నాట్యం, సువాసన అన్నీ కలిసిన ఆ రచన చిత్తుప్రతుల దగ్గరే ఆగిపోయింది.

స్క్రియాబిన్‌కు నిజంగా రంగులు కనిపించాయా అన్నది తేలని తగువు. కాదనేవాళ్ళ వాదన ఆయన పట్టికే. కీలను ఐదేసి స్వరాల దూరంలో, అంటే షడ్జమ పంచమ క్రమంలో పేర్చితే సి ఎరుపు, జి నారింజ, డి పసుపు, ఏ ఆకుపచ్చ, ఆ తర్వాత నీలాలు, ఊదాలు. ఇంద్రధనుస్సు వరస తప్పలేదు. పుట్టుకతో రంగులు వినేవాళ్ళ పట్టికలు ఇంత పద్ధతిగా ఉండవు, చిందరవందరగా ఉంటాయి. అవుననేవాళ్ళు 1914లో లండన్‌లో ఆయనతో మాట్లాడిన కేంబ్రిడ్జ్ మనస్తత్వశాస్త్రవేత్త చార్లెస్ మైయర్స్ రాసినదాన్ని చూపిస్తారు. కొన్ని కీల విషయంలో అనుభవం నిజమైనదై ఉండి, మిగతావి పద్ధతి కోసం పూరించాడేమో అని నాకనిపిస్తుంది. పదబంధం పూర్తిచేసేవాళ్ళు గడి ఖాళీగా ఉంటే ఊరుకోరు కదా.

రచన మొదటి ప్రదర్శన 1911లో మాస్కోలో దీపాలు లేకుండానే జరిగిపోయింది. దీపాలతో జరిగింది 1915 మార్చిలో, న్యూయార్క్ కార్నెగీ హాల్లో, దానికోసమే చేసిన ‘క్రోమోలా’ అనే యంత్రంతో. రంగులు ఒక తెర మీద పడ్డాయి. హాలంతా వెలుగులో మునగాలన్న స్వరకర్త ఊహ ఎక్కడ, తెర ఎక్కడ! ఆయన అది చూడలేదు. మరుసటి నెలలోనే 43 ఏళ్ళకు చనిపోయాడు. ఆయన ఇంట్లో ప్రయోగాలకు వాడుకున్న పరికరం మాస్కోలోని స్క్రియాబిన్ మ్యూజియంలో ఉంది: ఒక చెక్క పళ్ళెం, దాని మీద గుండ్రంగా రంగు బల్బులు. పెళ్ళిపందిరి ఎలక్ట్రీషియన్ చూస్తే నవ్వుతాడు. 2010లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు ఆర్కెస్ట్రా నేటి దీపాలతో, స్వరలిపిని దగ్గరగా అనుసరిస్తూ వాయించింది. టెక్నాలజీ ఆ ఊహను అందుకోవడానికి వందేళ్ళు పట్టింది.

అదే పుస్తకం, వేరే పేజీ

ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ విషయంలో ఇంత తగువు లేదు. రంగులు బయట కాదు, లోపల కనిపిస్తాయని ఆయన జీవితమంతా చెప్పాడు. ఒక్కో స్వరానికి కాదు, స్వరాల గుంపుకు. అదే కార్డ్‌ను ఒక మెట్టు పైకి జరిపితే రంగు మారుతుంది, స్థాయి మారిస్తే అదే రంగు పైకి వెళ్ళేకొద్దీ లేతగా, కిందికి దిగేకొద్దీ ముదురుగా అవుతుంది. మేనకోడలి చిన్నపిల్ల, పెద్దామె ఇక్కడ మళ్ళీ కనబడ్డారు.

1963లో రాసిన ‘స్వర్గనగరపు రంగులు’ అనే రచనలో కార్డ్‌ల దగ్గర రంగుల పేర్లు స్వరలిపిలోనే అచ్చువేయించాడు. హాల్లో ఏ దీపమూ మారదు. ఆ పేర్లు వాయించేవాళ్ళ కోసం: ఈ ఇత్తడి వాయిద్యాల కార్డ్ ఎరుపు, దాన్ని ఎరుపులా వాయించు అని. వినేవాళ్ళకు ఆ రంగు చేరుతుందా? చేరదు. మరి ఎందుకు? మన గురువులు “ఆ గాంధారాన్ని కొంచెం తేనెలో ముంచు” అంటారు చూడండి, అలాంటి ప్రయోజనం అని నేననుకుంటాను. తేనె ఎవరికీ తగలదు, గాంధారం మాత్రం మారుతుంది.

మెస్సియాన్ లయలకు ఒక ముఖ్యమైన మూలం ‘సంగీత రత్నాకరం’లోని 120 దేశీ తాళాలు. ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో అచ్చయిన పట్టిక నుంచి ఆయన వాటిని పట్టుకున్నాడు. ఏ పుస్తకంలో షడ్జమానికి తామర రంగు రాసి ఉందో ఆ పుస్తకమే.

నీలాంబరి నీలమేనా?

సినెస్థీజియా లేని నూటికి తొంభై ఆరు మంది మాటేమిటి? సన్నటి స్వరానికి లేత రంగు, బొంగురు స్వరానికి ముదురు రంగు ఎంచుకోవడం దాదాపు అందరూ చేసే పని. 2013లో అమెరికాలోని బర్క్‌లీలో మనస్తత్వశాస్త్రవేత్త స్టీఫెన్ పామర్ బృందం ఇంకాస్త ముందుకు వెళ్ళింది. శాస్త్రీయ సంగీతపు ముక్కలు వినిపించి, 37 రంగుల్లోంచి సరిపోయేవి ఏరమన్నారు, అమెరికాలోనూ మెక్సికోలోనూ. వేగంగా, మేజర్ కీలో ఉన్నవాటికి రెండుచోట్లా నిండైన, వెలుగు ఎక్కువున్న, పసుపు వైపు రంగులు ఎంచుకున్నారు. నిదానంగా, మైనర్ కీలో ఉన్నవాటికి మసక, ముదురు, నీలి రంగులు. విడిగా, ఈ పాట ఎంత సంతోషంగా ఉంది, ఈ రంగు ఎంత సంతోషంగా ఉంది అని అడిగితే ఆ రెండు జవాబులూ దాదాపు అచ్చుగుద్దినట్టు కలిశాయి. అంటే పాటకూ రంగుకూ నేరుగా దారి లేదు, మధ్యలో భావం అనే వంతెన ఉంది. రసానికి రంగు చెప్పిన భరతుడు వింటే తల ఊపేవాడేమో.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది. విన్నవాళ్ళంతా పాశ్చాత్య సంగీతపు గాలి సోకినవాళ్ళే. మేజర్ సంతోషం, మైనర్ విచారం అన్నది సినిమాల నుంచీ ప్రకటనల నుంచీ నేర్చుకున్నదైతే? మన వైపు చూస్తే, నీలాంబరి అనగానే నాకు చీకటి పడ్డాక ఉండే నీలం తోస్తుంది. అది స్వరాల వల్లా, చిన్నప్పుడు విన్న జోలపాటల వల్లా, లేక పేరులోనే నీలం ఉండటం వల్లా? మూడింటినీ విడదీయడం నావల్ల కాలేదు. పేర్లు మోసం కూడా చేస్తాయి. మేచకం అంటే ముదురు నీలం, కానీ మేచకల్యాణిలో ‘మేచ’ రంగు చెప్పడానికి రాలేదు. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది లెక్కలో ‘మ’ ఐదు, ‘చ’ ఆరు, తిరగేస్తే 65, మూలరాగాలైన మేళకర్తల వరసలో దాని నంబరు.

పట్టిక లేని ప్రయోగాలు

ఆస్ట్రియా స్వరకర్త ఆర్నోల్డ్ షోన్‌బర్గ్ దగ్గర స్వరానికో రంగు అనే జాబితా ఏదీ లేదు. ఆయన ప్రయోగాలు రెండూ నాకు స్క్రియాబిన్ పట్టికకన్నా ఎక్కువ దూరం వెళ్ళినట్టు కనిపిస్తాయి.

1909 నాటి ఐదు ఆర్కెస్ట్రా రచనల్లో మూడోదాని పేరు ‘రంగులు’. అందులో పాట అనదగిందేదీ మొదట వినబడదు. ఐదు స్వరాల కార్డ్ ఒకటి అలా నిలబడి ఉంటుంది. దాన్ని ఒక గుంపు వాయిద్యాలు పట్టుకుంటాయి, అవి వదలకముందే ఇంకో గుంపు అందుకుంటుంది. స్వరాలు దాదాపు కదలవు, నాదం తీరు మారుతుంది. ఇది మనకు కొత్త కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద ఉన్న దారప్పోగును వెంట్రుకవాసి జరపండి. శ్రుతి మారదు. కానీ అప్పటిదాకా మొద్దుగా ఉన్న తీగ గుయ్యిమని తేనెటీగల్లా పలుకుతుంది, లోపలి నుంచి గాంధారం కూడా తొంగిచూస్తుంది. ఆ తేడాకు ‘రంగు’ కన్నా మంచి మాట లేదు. మా అత్తయ్య అయితే వీడియో మొత్తంకన్నా ఈ దారప్పోగునే నమ్ముతుంది.

రెండోది, 1924లో వియన్నాలో మొదటిసారి ప్రదర్శించిన చిన్న ఒపేరా. అందులో గాలివాన లేచే ఘట్టానికి ఆయన వెలుతురుతో ఒక క్రమం రాశాడు. మసక ఎరుపుతో మొదలై గోధుమ, మురికి ఆకుపచ్చ, బూడిద నీలం, ఊదా, నెత్తురెరుపు, నారింజ, ఆపైన పసుపు, చివరికి కళ్ళు బైర్లుకమ్మే తెలుపు. సంగీతం పెరిగే కొద్దీ వెలుతురు పెరుగుతుంది. ఏ స్వరానికి ఏ రంగు అనే ప్రశ్నే లేదు. మార్పుకు మార్పు తోడు, అంతే. సినిమా పాట కచేరీల్లో లైటింగ్ కుర్రాడు చరణం ఎత్తుకోగానే చేసేది కూడా చాలావరకు ఇదే.

గీసిన గీతే పాటైతే

ఇంకో దారి కూడా ఉంది: పోలికలు మానేసి, బొమ్మనే శబ్దంగా మార్చడం. పాత సినిమా రీలు అంచున శబ్దం ఒక సన్నని బొమ్మలా అచ్చై ఉండేది. దాని గుండా వెలుతురు పోయి, కాంతిని పట్టే గొట్టం మీద పడితే మాటా పాటా వినబడేవి. అయితే మైకు లేకుండా ఆ అంచునే చేత్తో గీస్తే?

సోవియట్ ఇంజనీరు ఎవ్‌గేనీ ముర్జిన్ ఈ ఊహతోనే ఏళ్ళ తరబడి పనిచేసి 1950లలో ఒక యంత్రం తయారుచేశాడు. నల్లటి మైనం లాంటిది పూసిన గాజుపలక. గోరుతోనో పుల్లతోనో ఎక్కడ గీకితే అక్కడ వెలుతురు దూరి శబ్దమవుతుంది. పైకి గీకితే పై స్వరం, కిందికి గీకితే కింది స్వరం. ఒక స్థాయిని 12 కాదు, 72 భాగాలు చేశాడు కాబట్టి గమకం కూడా గీయవచ్చు. తార్కోవ్‌స్కీ 1972 నాటి ‘సొలారిస్’ సినిమాలో ఎడువార్డ్ ఆర్తెమ్యెవ్ వినిపించిన వింత నాదాలు దీనివే. యంత్రం పేరు ఏఎన్ఎస్: అలెగ్జాండర్ నికొలాయెవిచ్ స్క్రియాబిన్. కొన్నేళ్ళు అది ఆయన మ్యూజియంలోనే ఉంది. రంగుల బల్బుల పళ్ళెం పక్కన, నలుపు తప్ప ఏ రంగూ ఎరగని గాజుపలక.

కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1971లో తీసిన ‘సింక్రమీ’ ఏడు నిమిషాల సినిమా. శబ్దం కోసం రీలు అంచున పెట్టిన చారలనే తీసుకొచ్చి తెర మీదా పెట్టాడు. చారలు సన్నబడి దగ్గరైతే పై స్వరం, వెడల్పైతే కింది స్వరం. మనం చూస్తున్నదే మనం వింటున్నది, అక్షరాలా. మేనకోడలికి చూపిస్తే రెండు నిమిషాల్లో చారలు చూసి స్వరం పైకి పోతోందో కిందికి వస్తోందో ముందే చెప్పేసింది.

తర్వాత అడిగింది, “మరి ఇందాక ఇదే స్వరం ఎర్రగా ఉంది, ఇప్పుడు నీలంగా ఎందుకుంది?” చారల వెడల్పు శబ్దం నిర్ణయించింది. రంగులు మాత్రం మెక్‌లారెన్ తనకు నచ్చినట్టు వేసుకున్నాడు.